ఒళ్ళు కాదు, పరీక్షే సాక్షి

"నెగటివ్ వచ్చినంత మాత్రాన నమ్మడానికి లేదప్పా. అది ఒంట్లో దాక్కోని ఉంటాది. పదేండ్లకైనా బయటపడతాది."

కర్నూలు, కడప జిల్లాల్లో హెచ్‌ఐవీ ప్రస్తావన వచ్చినచోటల్లా వినిపించే మాట ఇది. ఊళ్ళో సూదిమందు వేసే ఆర్‌ఎంపీ అంటాడు. మందుల షాపులో కూర్చున్న కుర్రాడు అంటాడు. కువైట్ నుంచి సెలవు మీద వచ్చినవాడు అంటాడు. బీటెక్ చదివిన స్నేహితుడూ అంటాడు. దీనికి జోడుగా మరో మాట ఉంది: "ఒళ్ళే చెప్తాది. బరువు తగ్గుతాండావు, నోరు పూస్తాంది, గజ్జల్లో బిళ్ళ కట్టింది. ఇంకేం కావాల?"

ఈ రెండు మాటలూ తప్పు. అవి చేసే కీడు కూడా రెండు వైపులా ఉంది. జబ్బు లేనివాడు వీటిని నమ్మి ఏళ్ళ తరబడి రోగిలా బతుకుతున్నాడు. జబ్బు ఉన్నవాడు "నా ఒంట్లో ఏ లక్షణమూ లేదు గదా" అని పరీక్షకే రావడం లేదు. మొదటివాడి బాధ గురించి అప్పుడప్పుడన్నా వింటాం. రెండోవాడి సంగతి ఎవరూ మాట్లాడరు. ఇద్దరినీ ముంచుతున్నది ఒకే నమ్మకం: హెచ్‌ఐవీ ఉందో లేదో ఒళ్ళు చెబుతుందన్న నమ్మకం. దాన్ని వేళ్ళతో సహా పెకలించాలి.

ఈ నమ్మకం మన సీమలో ఇంతగా నాటుకోవడానికి కారణం మన బతుకుల్లోనే ఉంది. కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెల్లో వాన మొహం చాటేస్తే ఊళ్ళకు ఊళ్ళే సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరపకోతలకు, బెంగళూరులో కట్టడం పనులకు. పాత కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట, బద్వేలు పల్లెల నుంచి కువైట్‌కు పోతారు. 44వ నంబరు జాతీయ రహదారి మీద కర్నూలు, డోన్ దాటుకుంటూ లారీలు నడిపేవాళ్ళు వారాల తరబడి ఇల్లు చూడరు. ఇల్లు విడిచి నెలలూ ఏళ్ళూ ఒంటరిగా ఉండే మనిషికి ఎక్కడో ఒక రాత్రి ఏదో జరిగి ఉండవచ్చు. అది పెద్ద వింత కాదు, లోకంలో లేని నేరమూ కాదు. అయితే ఆ రాత్రి తర్వాత వచ్చిన మొదటి జ్వరంతో అతని లోపల ఒక విచారణ మొదలవుతుంది. అద్దం ముందు నాలుక చాపి చూసుకుంటాడు. మెడ కింద వేళ్ళతో తడుముకుంటాడు. వారం వారం తూకం చూసుకుంటాడు. పరీక్ష చేయిస్తాడు. నెగటివ్ వస్తుంది. అప్పుడు పైన చెప్పిన మాట ఎవరో ఒకరు అంటారు. విచారణ మళ్ళీ మొదటికి వస్తుంది.

"పదేండ్లకైనా బయటపడతాది" అన్న మాటను ముందు పట్టుకుందాం, ఎందుకంటే మిగతా భయాలన్నీ దీని మీదే నిలబడి ఉన్నాయి. ఈ మాటలో రెండు వేర్వేరు కాలాలు కలిసిపోయాయి. హెచ్‌ఐవీ సోకిన మనిషికి చికిత్స లేకుండా వదిలేస్తే ఎయిడ్స్ దశకు చేరడానికి సగటున ఎనిమిది నుంచి పదేళ్ళు పడుతుంది. ఇది జబ్బు ముదరడానికి పట్టే కాలం. వైరస్ ఒంట్లోకి వచ్చాక రక్తపరీక్షలో కనబడడానికి పట్టేది వారాలు మాత్రమే. దీన్నే విండో పీరియడ్ అంటారు. వైరస్ రాగానే శరీరం దాన్ని పరాయిదిగా గుర్తించి యాంటీబాడీలు తయారు చేయడం మొదలుపెడుతుంది. ఆ యాంటీబాడీలే పరీక్షలో దొరుకుతాయి. లక్షణాలు పదేళ్ళు లేకపోయినా యాంటీబాడీలు ఆ పదేళ్ళూ ఉంటాయి. కాబట్టి పదేళ్ళు బయటపడనిది లక్షణం. పరీక్షకు వైరస్ ఉనికి కొన్ని వారాల్లోనే తెలిసిపోతుంది. "దాక్కోని ఉంటాది" అనేవాళ్ళు చెప్పేదాంట్లో ఒక ముక్క నిజమే, వైరస్ కొన్ని కణాల్లో నిద్రాణంగా ఉండిపోగలదు. మందులు వాడినా పూర్తిగా పోకపోవడానికి కారణం అదే. కానీ అది కణాల్లో దాగినంత మాత్రాన రక్తంలోని యాంటీబాడీలు మాయం కావు.

ఎన్ని వారాలు అనే ప్రశ్నకు సూటి జవాబు ఉంది. ల్యాబ్‌లో చేసే నాలుగో తరం పరీక్ష యాంటీబాడీలతో పాటు వైరస్ పైపొరల లోపలి పి24 అనే ప్రొటీన్‌ను కూడా పట్టుకుంటుంది. అనుమానం ఉన్న సంఘటన జరిగిన 45 రోజుల తర్వాత ఈ పరీక్షలో నెగటివ్ వస్తే దాన్ని నమ్మవచ్చు. యాంటీబాడీలను మాత్రమే చూసే ర్యాపిడ్ కిట్లకు 90 రోజుల గడువు పెట్టుకుంటారు. సోకినవాళ్ళలో ఎక్కువమందికి అవి అంతకంటే ముందే పాజిటివ్ చూపిస్తాయి. అందరినీ కలుపుకోవడానికి 90 అన్నారు. మరి ఆరు నెలలు, ఏడాది అన్న మాటలు ఎక్కడివి? పాత కాలానివి. హెచ్‌ఐవీ వైరస్‌ను 1983లో గుర్తించారు, మొదటి రక్తపరీక్ష 1985లో వచ్చింది. మన దేశంలో తొలి కేసులు 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల చేసిన పరిశోధనలో బయటపడ్డాయి. ఆ తొలి తరం కిట్లకు యాంటీబాడీలు బాగా పెరిగితే తప్ప దొరికేవి కావు. అందుకే ఆనాటి వైద్యులు ఆరు నెలలు ఆగమన్నారు. కిట్లు మారాయి, సలహా మాత్రం నోటి నుంచి నోటికి పాతదే నడుస్తోంది.

"కిట్టు నాసిరకం అయితే?" అనే అనుమానం తర్వాత వస్తుంది. ఐసీటీసీలో, అంటే ప్రభుత్వ ఆసుపత్రిలోని సమీకృత సలహా, పరీక్షా కేంద్రంలో జరిగేది దగ్గర నుంచి చూస్తే ఈ అనుమానానికి జవాబు దొరుకుతుంది. ముందు కౌన్సిలర్ కూర్చోబెట్టి మాట్లాడతారు, మనిషి ఒప్పుకున్నాకే రక్తం తీస్తారు. ల్యాబ్ టెక్నీషియన్ ఆ రక్తం నుంచి వేరుపడిన సీరం చుక్కను అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ కిట్ మీద వేస్తారు, దాని మీద బఫర్ చుక్కలు వేస్తారు. ద్రవం తెల్లని పట్టీ మీద పాకుతుంది. కొన్ని నిమిషాలకు ఒకచోట రంగు గీత పడుతుంది. అది కంట్రోల్ గీత. ఆ గీత పడిందంటే కిట్ సరిగా పనిచేసిందని అర్థం. పడకపోతే ఆ ఫలితాన్ని నెగటివ్ అని రాయరు, పారేసి కొత్త కిట్‌తో మళ్ళీ చేస్తారు. యాంటీబాడీలు ఉంటేనే రెండో గీత పడుతుంది. అంటే కిట్ చెడిపోయిందో లేదో చెప్పే ఏర్పాటు ఆ కిట్‌లోనే ఉంది. దీనికి పైన, పైస్థాయి ల్యాబ్‌లు ఫలితం ముందే తెలిసిన రక్త నమూనాలను ఈ కేంద్రాలకు పంపి, వాళ్ళు సరిగా చెబుతున్నారో లేదో సరిచూస్తుంటాయి.

పాజిటివ్ అని రాయడానికి మూడు వేర్వేరు కిట్లతో పరీక్షిస్తారు, నెగటివ్‌కు ఒక్కటే చాలంటారు. ఇది చూసి "నాకు ఒక్కటే చేసి పంపించినారు, సరిగ్గా చూడల్యా" అని బాధపడేవాళ్ళున్నారు. అందులో నిర్లక్ష్యం ఏమీ లేదు, లెక్క ఉంది. 2021 జాతీయ అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వయోజనుల్లో హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు నూటికి సుమారు 0.67 మంది. అంటే పదివేల మందిలో 67 మంది. మొదటి కిట్‌ను ఎంచుకునేటప్పుడే ఉన్నవాళ్ళను దాదాపు ఎవరినీ వదలని దాన్ని ఎంచుకుంటారు. అది నూటికి ఒకరిని వదిలేస్తుందనే అనుకుందాం. ఆ 67 మందిలో వదిలేసేది ఒక్కరిని కూడా పూర్తిగా కాదు. తక్కిన తొమ్మిదివేల తొమ్మిదివందల పైచిలుకు మందిలో కిట్ నూటికి ఇద్దరిని లేని జబ్బు ఉన్నట్టు చూపిందనుకోండి, సుమారు 200 మందికి అన్యాయంగా పాజిటివ్ వస్తుంది. అందుకే పాజిటివ్ వస్తే ఇంకో రెండు కిట్లతో సరిచూడకుండా చెప్పరు. ఒక్క కిట్ ఫలితంలో అనుమానించవలసింది ఏదైనా ఉంటే అది పాజిటివ్. మన ఊళ్ళల్లో మాత్రం పాజిటివ్ అంటే తిరుగులేనిదని, నెగటివ్ అంటే అనుమానించాల్సిందని నమ్ముతారు. లెక్క దీనికి సరిగ్గా ఎదురు చెబుతోంది.

మినహాయింపులు ఉన్నాయి, వాటిని దాచకుండా చెప్పాలి. విండో పీరియడ్ ఇంకా ముగియనివాళ్ళు గడువు నిండాక మరోసారి చేయించుకోవాలి. సంఘటన జరిగిన వెంటనే నివారణ మందులు వాడినవాళ్ళకు వైద్యులు వేరే గడువు చెబుతారు. గడువు నిండాక మళ్ళీ కొత్తగా ప్రమాదం ఎదురైతే అది కొత్త లెక్క. రోగనిరోధక శక్తిని బాగా దెబ్బతీసే జబ్బులున్న అతి కొద్దిమంది విషయంలో వైద్యుడే చూసి నిర్ణయిస్తాడు. ఇవేవీ లేని మనిషి 90 రోజులు దాటాక చేయించుకున్న పరీక్ష నెగటివ్ అయితే అక్కడితో ఆ సంగతి ముగిసింది. దాన్ని మళ్ళీ తెరవడానికి గొంతు నొప్పికి గానీ, నోటి పూతకు గానీ, ఒళ్ళు నొప్పులకు గానీ అధికారం లేదు.

ఇక లక్షణాలు. హెచ్‌ఐవీ సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో కొందరికి జ్వరం, గొంతు నొప్పి, ఒంటి మీద దద్దుర్లు, మెడలో గ్రంథుల వాపు వస్తాయి. ఒకటి రెండు వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. కొందరికి ఏమీ రావు. వచ్చినా డెంగీకీ, మామూలు వైరల్ జ్వరానికీ, దీనికీ తేడా చూసి చెప్పగల వైద్యుడు భూమ్మీద లేడు. రక్తం చూడందే ఎవరూ చెప్పలేరు. తర్వాతి దశల్లో వచ్చే బరువు తగ్గడం, విరేచనాలు, రాత్రిళ్ళు చెమటలు, నాలుక మీద తెల్లని పూత కూడా అంతే. ఒక్కటి కూడా హెచ్‌ఐవీకి మాత్రమే సొంతం కాదు.

మన ప్రాంతంలో ఈ లక్షణాలకు కారణాలకేం కొదవలేదు. బేతంచెర్ల, బనగానపల్లె వైపు పలకల పాలిష్ ఫ్యాక్టరీల్లో రాతిపొడి పీల్చే కూలీకి దగ్గు పట్టి మనిషి చిక్కిపోతున్నాడంటే ముందు చూడాల్సింది ఊపిరితిత్తులు. టీబీ అయితే సాయంత్రం జ్వరం, రాత్రి చెమట, బరువు తగ్గడం అన్నీ ఒకేసారి వస్తాయి. షుగర్ వచ్చినా మనిషి తగ్గిపోతాడు, నోట్లో పూత వస్తుంది. కాలికి చిన్న పుండు పడినా గజ్జల్లో బిళ్ళ కడుతుంది. ఫ్లోరైడ్ నీళ్ళు తాగే ఊళ్ళలో కీళ్ళ నొప్పులు ఇంటింటా ఉంటాయి. ఎండాకాలం పనిలో ఒళ్ళు నీరసించడం ఎవరికి కొత్త? "ఇది అదే" అని నిర్ణయించుకున్నవాడు టీబీకి కఫం పరీక్ష చేయించుకోడు, షుగర్ చూపించుకోడు. లేని జబ్బును వెతుకుతూ ఉన్న జబ్బును ముదరబెట్టుకుంటాడు. లక్షణాలను నమ్మడంలో ఉన్న మొదటి ప్రమాదం ఇది.

భయం తానే లక్షణాలు పుట్టిస్తుంది. భయపడ్డ మనిషికి నిద్ర పట్టదు, అన్నం సహించదు, బరువు తగ్గుతాడు. కడుపు చెడి విరేచనాలు అవుతాయి. గుండె దడ, చెమట, నోరు ఎండిపోవడం, చేతులు కాళ్ళు తిమ్మిరెక్కడం వస్తాయి. మెడలో గ్రంథిని రోజుకు పదిసార్లు నొక్కి చూసుకుంటే అది నొప్పి చేస్తుంది. ఈ బాధలు నటన కావు, నిజంగా ఒంట్లో ఉన్నవే. వాటికి కారణం వైరస్ కాదు, అంతే. అందుకే "నీకేం లేదు, ఊరికే ఊహించుకుంటాండావు" అని కసురుకోవడం అన్యాయం. ఆ మనిషికి బాధ ఉంది. ఆ బాధకు పేరు ఆందోళన జబ్బు. దానికి చికిత్స ఉంది, ఆ చికిత్స మానసిక వైద్యుడి దగ్గర ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఒళ్ళు సాక్ష్యం చెబుతుందని నమ్మితే, ఒళ్ళు బాగుంటే జబ్బు లేదనీ నమ్మాలి. మన ఊళ్ళల్లో జరుగుతున్నది అదే. "మనిషి రాయి మాదిరి ఉండాడు, వానికేం రోగం?" అనే మాట ఎన్నోసార్లు విన్నాం. దేశంలో సుమారు 25 లక్షల మంది హెచ్‌ఐవీతో బతుకుతున్నారని 2023 అంచనా. వాళ్ళలో దాదాపు ఐదుగురిలో ఒకరికి తమకు ఉన్న సంగతి తెలియదు. తెలియకపోవడానికి పెద్ద కారణం, వాళ్ళు బాగానే ఉన్నారు. పొలం పనికి పోతున్నారు, బండి నడుపుతున్నారు, పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు. పక్కనే బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రి వైద్యులు అనంతపురం జిల్లా రోగుల మీద ఏళ్ళ తరబడి ప్రచురించిన పరిశోధనల్లో మళ్ళీ మళ్ళీ కనబడే బాధ ఇదే: రోగనిరోధక శక్తి బాగా పడిపోయాక, టీబీ వంటివి చుట్టుముట్టాక ఆసుపత్రికి చేరేవాళ్ళు చాలామంది. ముందే వచ్చి ఉంటే రోజుకో మాత్రతో నిండు జీవితం బతికేవాళ్ళు. మందులు 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి పాజిటివ్ తేలిన ప్రతి ఒక్కరికీ రోగనిరోధక శక్తిని కొలిచే సీడీ4 లెక్కతో పని లేకుండా వెంటనే మందులు మొదలుపెడుతున్నారు. కర్నూలు సర్వజన ఆసుపత్రిలో, కడప రిమ్స్‌లో ఈ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాలున్నాయి. లక్షణం కోసం ఎదురుచూసినవాడు వాటి దాకా రాలేకపోయాడు.

పది పరీక్షలు చేయించుకుని నమ్మనివాడూ, ఒక్కటీ చేయించుకోనివాడూ పైకి వేర్వేరుగా కనిపిస్తారు. ఇద్దరూ ఒళ్ళునే అడుగుతున్నారు. ఒకడి ఒళ్ళు "ఉంది" అని అబద్ధం చెబుతోంది, ఇంకొకడి ఒళ్ళు "లేదు" అని అబద్ధం చెబుతోంది. ఇద్దరికీ జవాబు ఒక్కటే, సరైన సమయంలో చేసిన పరీక్ష. దాన్ని పూర్తిగా నమ్మాలి. మొదటివాడి దగ్గర పరీక్ష పరువు తీస్తే రెండోవాడి దగ్గర అది నిలబడదు. "నెగటివ్‌ను నమ్మలేం" అని ప్రచారం చేస్తున్నవాళ్ళకు ఇది అర్థం కావాలి. నెగటివ్‌ను నమ్మలేని పరీక్షను పాజిటివ్ కోసం ఎవడు చేయించుకుంటాడు?

ఇక్కడ ఎదురయ్యే అతి బలమైన వాదన ఒకటుంది. దయగల మనుషులు చేసే వాదన: "మల్లా ఒకసారి చేపిచ్చుకుంటే పోలా? మనసు నిమ్మళమవుతాది. పొయ్యేదేముంది?" పోయేది చాలా ఉంది. ఇంకో పరీక్ష ఇచ్చే నిమ్మళం కొన్నాళ్ళే నిలుస్తుంది, ఆ తర్వాత ఏదో ఒక మూల నుంచి అనుమానం లేస్తుంది. దురద గోకేకొద్దీ పెరిగినట్టు, తీర్చేకొద్దీ అనుమానం పెరుగుతుంది. "మళ్ళీ చేయించుకో" అని చెప్పిన ప్రతిసారీ మనం ఆ మనిషికి "మొన్నటిది నమ్మదగింది కాదు" అని చెబుతున్నాం. అతని భయానికి మన సంతకం పెడుతున్నాం. కూలి పోతుంది, డబ్బు పోతుంది. భార్యను దగ్గరికి రానివ్వడు, కారణం చెప్పడు, ఆమె తనలో ఏ లోపముందోనని కుమిలిపోతుంది. పసిబిడ్డను ముద్దు పెట్టుకోవడానికి జంకుతాడు. వచ్చిన పెళ్ళి సంబంధాలు తిప్పి కొడతాడు. కువైట్ వీసా కోసం చేసిన మెడికల్‌లో హెచ్‌ఐవీతో సహా అన్నీ చూసి ఫిట్ అని ఇచ్చినా, ఆ కాగితం కూడా అతనికి చాలదు.

కొన్నిసార్లు ప్రాణమే పోతుంది. 2020 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా శ్రీకాళహస్తి ప్రాంతంలో ఒక నడివయసు మనిషి తనకు కరోనా సోకిందని తానే నిర్ధారించుకున్నాడు. తనది సాధారణ ఇన్‌ఫెక్షనని తెలిసినా, ఫోన్‌లో చైనా వీడియోలు చూస్తూ అదే జబ్బని నమ్మాడని, ఇంటివాళ్ళకు అంటకూడదని వాళ్ళను దూరం పెట్టి ప్రాణం తీసుకున్నాడని అప్పటి పత్రికలు రాశాయి. రాష్ట్రంలో మొదటి కరోనా కేసు నమోదైంది ఆ తర్వాత, మార్చిలో. లేని జబ్బు చంపింది ఆయన్ని. కరోనా భయం రెండేళ్ళలో సద్దుమణిగింది. హెచ్‌ఐవీ భయానికి ముప్పై ఏళ్ళు దాటాయి, ఇంకా సద్దుమణగలేదు. దానికి తోడు పరువు భయం కూడా ఉంది గనక ఎవరికీ చెప్పుకోలేని భయమైంది.

ఎందుకు సద్దుమణగలేదో కూడా చెప్పాలి. ఈ భయం వెనక వైరస్ కంటే ఎక్కువగా పశ్చాత్తాపం ఉంటుంది. "తప్పు చేసినా, శిక్ష పడకుండా ఎట్ల పోతాది?" అని మనసు అడుగుతుంది. జబ్బును శిక్ష చేసింది సమాజమే. 2000 దశకం తొలి ఏళ్ళలో ఉమ్మడి రాష్ట్రమంతా గోడల మీద, హోర్డింగుల మీద ఒకటే ప్రశ్న: పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా? జనం ఇప్పటికీ మరచిపోలేదు. ఆనాడు దేశంలో హెచ్‌ఐవీ బాధితులు అత్యధికంగా ఉన్న రాష్ట్రాల్లో మనది ముందుంది. జనాన్ని కదిలించడం అవసరమే, ఆ ప్రచారం కండోమ్ గురించి మాట్లాడేలా చేసింది కూడా. కానీ ప్రశ్న నిలిచినంతగా జవాబు నిలవలేదు. వస్తుందా అన్న అనుమానం ప్రతి ఇంటికీ చేరింది. రాలేదని ఎప్పుడు, ఎలా తేల్చుకోవాలో చేరలేదు. వైరస్‌కు మంచి చెడ్డలు తెలియవు. చికిత్స తీసుకోని భాగస్వామితో జరిగే ఒక్క కలయికలో సోకే అవకాశం, స్త్రీపురుషుల మధ్య, పదివేలకు నాలుగు నుంచి ఎనిమిది అని అంచనా. ఇది ధైర్యంగా తప్పుచేయమని చెప్పే లెక్క కాదు, కండోమ్ తప్పనిసరే. కానీ ఒక రాత్రికి జీవితకాలపు శిక్ష ఖాయమని నమ్మేవాడు ఈ లెక్క తెలుసుకోవాలి. దోమ కుడితే, కలిసి తింటే, ముద్దు పెట్టుకుంటే ఇది రాదు. పాజిటివ్ ఉన్న మనిషి మందులు వాడి వైరస్ కనబడని స్థాయికి తగ్గితే భాగస్వామికి కలయిక ద్వారా సోకదు.

ఈ భయం మీద బతికేవాళ్ళను కూడా వదలకూడదు. బస్టాండు దగ్గర లాడ్జీ గదుల్లో, గోడరాతల్లో "గుప్తరోగాలు" అంటూ మనుషుల్ని పిలిచేవాళ్ళు ముందు అనుమానాన్ని పెంచి తర్వాత మందు అమ్ముతారు. గడువు దాటాక నెగటివ్ వచ్చినవాడికి పీసీఆర్ అనీ, సీడీ4 అనీ ఖరీదైన పరీక్షలు రాసేవాళ్ళున్నారు. సీడీ4 అనేది పాజిటివ్ అని తేలినవాళ్ళలో రోగనిరోధక శక్తిని కొలిచే పరీక్ష. మామూలు జ్వరంలో కూడా అది తగ్గవచ్చు. దాంతో హెచ్‌ఐవీ ఉందని తేల్చడం కుదరదు. ఈ సంగతి తెలిసి రాస్తే మోసం, తెలియక రాస్తే వైద్యం చేసే అర్హత లేదు.

కాబట్టి మారాల్సింది మన సలహా. నిన్ననో మొన్ననో ప్రమాదం జరిగిందని ఎవరైనా చెబితే లక్షణాల కోసం చూడమనకండి, 72 గంటలు దాటకముందే డాక్టరు దగ్గరికి పంపండి. 28 రోజులు వాడే నివారణ మందులు అవసరమో లేదో ఆయన చెబుతాడు. ఆ సమయం దాటిపోతే తేదీ రాసుకుని గడువుకు ఐసీటీసీకి వెళ్ళమనండి. అక్కడ పరీక్ష ఉచితం. 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని బయటపెట్టకూడదు. అనుమానాలుంటే 1097కు ఫోన్ చేయవచ్చు, అది కూడా ఉచితమే. గడువు నిండాక నెగటివ్ వస్తే ఆర్‌ఎంపీ, డాక్టరు, కౌన్సిలర్, స్నేహితుడు అందరూ ఒకే మాట చెప్పాలి: "నీకు హెచ్‌ఐవీ లేదు. ఇంక పరీక్ష అక్కరలేదు." "మన లెక్కలో లేదు", "ఇప్పటికైతే లేదు", "ఎందుకైనా మంచిది" వంటి తోకలు తగిలించకూడదు. అయినా భయం వదలకపోతే పంపాల్సింది ల్యాబ్‌కు కాదు, మానసిక వైద్యుడి దగ్గరికి. బయటికి చెప్పుకోలేనివాళ్ళ కోసం టెలీ మానస్ 14416 నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినవాళ్ళు అయితే మరుక్షణమే ఆ నంబరుకు చేయాలి, ఇంట్లో ఒకరికైనా చెప్పాలి.

ఏ లక్షణమూ లేకపోయినా ఎప్పుడో ఒకప్పుడు ప్రమాదం ఎదురైందని తెలిసినవాళ్ళందరికీ కూడా మన సలహా ఒక్కటే, ఒకసారి పరీక్ష చేయించుకోండి. ఉంటే మందులున్నాయి, లేకపోతే ఆ రోజుతో భయం వదిలేయండి. పరీక్షను నమ్మమని ఈ రెండు వైపులా ఒకే గొంతుతో చెప్పగలిగిన రోజున కర్నూలు, కడప పల్లెల్లో జబ్బు లేనివాడు పనికి పోతాడు, జబ్బు ఉన్నవాడు మందుకు వస్తాడు. నెగటివ్‌ను నమ్మొద్దని చెప్పే ప్రతి నోరూ ఈ రెంటికీ అడ్డం పడుతోంది. ఆ మాట అనడం మానండి, ఎవరైనా అంటే అక్కడికక్కడే ఖండించండి.